నిన్నగాక మొన్న ఆడిన కన్యాశుల్కం: మళ్ళీ ఎత్తుకోవాలా, ఎత్తుకుంటే ఎలా?

మీ ఊళ్ళో ఏడాదో రెండేళ్ళో అయింది, ఎవరో గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం వేశారు. బాగానే వేశారు. ఇప్పుడు మీ నాటక సమాజం వార్షికోత్సవానికి ఒక పెద్ద నాటకం కావాలి. కమిటీలో సగంమంది కన్యాశుల్కమే అంటారు, తక్కిన సగం "మళ్ళీ అదేనా?" అని పెదవి విరుస్తారు. రెండు విడతల టీలు అయిపోతాయి గానీ మాట మాత్రం తేలదు.

ఈ తగువులో అందరూ పట్టుకు వేళ్ళాడేది ఏళ్ళ లెక్క. "కనీసం అయిదేళ్ళు ఆగాలండీ" అని ఒకరంటే, "జనం ఎప్పుడో మర్చిపోయారు" అని మరొకరు. నా మటుకు ఆ లెక్కతో పనే లేదు. పోయినసారి ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారు, ఈసారి మీ చేతిలో కొత్తగా ఏముంది? ఈ రెండూ తేలితే ఎన్నేళ్ళు ఆగాలన్నది దానంతటదే తేలిపోతుంది.

పద్యనాటకాల వాళ్ళకు ఈ బెంగ లేదు చూడండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను కురుక్షేత్రం పేరుతో ఏటా తిరునాళ్ళకు వేసినా రాయబారం సీనుకు జనం కదలరు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు వేషం కట్టడం అక్కడ మామూలే. కథ అందరికీ కంఠతా వచ్చు కాబట్టే పద్యం ఎలా ఎత్తుకున్నాడు, రాగాన్ని ఎక్కడిదాకా లాగాడు అని చూస్తారు. నచ్చితే వన్స్‌మోర్ అంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళు మాయాబజార్‌ని తరాలుగా ఆడుతూనే ఉన్నారు. వచన నాటకానికి అంత వెసులుబాటు లేదు. కన్యాశుల్కంలో మాటల మాయగాడు గిరీశం మాటకు నవ్వినవాడు మళ్ళీ నవ్వాలంటే మాటతోపాటు మనిషి కూడా కొత్తగా కనబడాలి. కింద రాసినదంతా కన్యాశుల్కాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే. వచనంలో ఉన్న ఏ పాత నాటకానికైనా చాలావరకు వర్తిస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

పోయినసారి ఎవరు చూశారు? ఉచిత ప్రవేశమా, టికెట్టా? సాహిత్య సభల వాళ్ళే వచ్చారా, కాలేజీ పిల్లలు కూడా వచ్చారా? ఒక్క ప్రదర్శనతో ముగిసిన నాటకాన్ని ఊరు చూసేసిందనడం తొందరపాటు. హాలు నిండినా చూసింది కొన్ని వందలమందే. పైగా వాళ్ళలో సగంమంది ప్రతి నాటకానికీ వచ్చేవాళ్ళే అయి ఉంటారు. "మళ్ళీ అదేనా" అనే గొంతులు కూడా ఎక్కువగా ఆ సగంలోంచే వస్తాయి.

గిరీశం వేషం ఎవరు కడతారు, వేశ్య మధురవాణి వేషం ఎవరు కడతారు? ఈ నాటకం మళ్ళీ వెయ్యడానికి సరైన కారణం నూటికి తొంభైసార్లు ఈ రెండు పేర్లలో ఉంటుంది. జె.వి. రమణమూర్తి దశాబ్దాలపాటు గిరీశం కట్టారు, ఆయన అన్న సోమయాజులు రామప్పంతులు. వాళ్ళ నాటకానికి చూసినవాళ్ళే మళ్ళీ వెళ్ళేవారంటే అది ఆ జోడీ బలం. అంతకు ముందు తరంలో స్థానం నరసింహారావు మధురవాణి వేషానికి పేరు పొందారు. కమిటీలో "నాటకం ఏది" అని అడగడం కన్నా "మనకు మధురవాణి ఉందా" అని అడిగితే మీటింగు త్వరగా అయిపోతుంది.

ప్రతి ఎవరిది? దీన్ని చాలామంది పట్టించుకోరు. గురజాడ 1915లో కాలం చేశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి, కాబట్టి మూలం అందరిదీ. అయితే పోయినసారి వాళ్ళు ఆడిన మూడు గంటల ప్రతి ఎవరో కూర్చుని కుదించి, మధ్యలో అతుకులు రాసుకున్నది. ఆ కుదింపు వాళ్ళ సొత్తు. "ఎలాగూ గురజాడదేగా" అనుకుని వాళ్ళ జిరాక్సు ప్రతి తెచ్చి రిహార్సల్ మొదలుపెట్టకండి. అడిగి తీసుకోండి, లేదా మీ కుదింపు మీరే చేసుకోండి.

యాస పలుకుతుందా? విజయనగరం, విశాఖ ప్రాంతపు అగ్రహారాల మాట అది. గుంటూరు గొంతుతోనో హైదరాబాదు గొంతుతోనో చదివితే అర్థం పోదు గానీ ఉప్పు పోతుంది. వేషాలు పంచేటప్పుడు అగ్నిహోత్రావధాన్లు కోపాన్ని, పూటకూళ్ళమ్మ దబాయింపును చెరో పేజీ చదివించి వినండి. ముఖం సరిపోయిందని వేషం ఇచ్చేస్తే తరవాత సర్దుకోవడం కష్టం.

డబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. హాలు అద్దె, లైట్లు, మేకప్, దుస్తుల అద్దె ఏ దారిలోనైనా తప్పవు. తేడా వచ్చేదల్లా సెట్టు దగ్గర, రిహార్సళ్ళ కాఫీ టిఫిన్ల దగ్గర.

## ఒక చూపులో

| దారి | ఇదివరకు చూసినవాళ్ళు వస్తారా? | రిహార్సల్ | అసలు చిక్కు |
|---|---|---|---|
| పాత ప్రొడక్షన్‌నే మళ్ళీ లేపడం | కొద్దిమంది | నెల, నెలన్నర | మారిన నటుల దగ్గర అతుకు కనబడుతుంది |
| కొత్త నటులు, కొత్త కుదింపు | వస్తారు, పోల్చడానికైనా | నాలుగైదు నెలలు | ఏం కొయ్యాలన్నది |
| 1897 నాటి తొలి కూర్పు | సాహిత్యం వాళ్ళు తప్పక | నాలుగైదు నెలలు | మధురవాణి కోసం వచ్చినవాళ్ళ నిరాశ |
| మొత్తం పాఠం చదివి వినిపించడం | నాటకప్రియులు మాత్రమే | మూడు నాలుగు వారాలు | నిడివి, ఓపిక |
| వేరే పాత నాటకం | వస్తారు | నాటకాన్ని బట్టి | పేరు వినగానే హాలు నిండదు |

## పాతదాన్నే మళ్ళీ లేపడం

పోయినసారి వేసింది మీరే అయితే ఇది అందరికన్నా చవక. సెట్టు గోడౌనులో ఉంది, సగంమందికి పోర్షన్ ఇంకా నోట్లోనే ఉంది. బయట ఊళ్ళ నుంచి పిలుపు వస్తే కళ్ళు మూసుకుని ఒప్పుకోండి. అదే ఊళ్ళో, అదే హాల్లో అయితే మాత్రం కొంచెం ఆలోచించాలి.

ఇందులో మోసం చేసేది "ఒక్క వేషమేగా మారింది" అన్న ధీమా. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో మంచం కింద సీను తీసుకోండి. రామప్పంతులు ముందే మంచం కింద దూరి ఉంటాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చేసరికి గిరీశం కూడా అక్కడే దూరతాడు. దెబ్బ పడేది రామప్పంతులు మీద. ఇది పండాలంటే ఇద్దరు మగాళ్ళు పట్టేంత ఎత్తు మంచం కావాలి. దుప్పటి అంచు ప్రేక్షకుల వైపు ఎంత దించాలో, లోపలివాళ్ళ ముఖాల మీద లైటు ఎటునుంచి పడాలో, చీపురు ఏ మాట మీద దిగాలో లెక్క ఉండాలి. పాత రామప్పంతులు పొట్టివాడై కొత్తాయన ఆరడుగులవాడైతే మంచంతో సహా అన్నీ మళ్ళీ మొదలే. ఒక్క వేషం మారితే దానితో కలిసే సీన్లన్నీ కొత్తవే అనుకుని రిహార్సల్ రోజులు వేసుకోండి.

## కొత్త నటులు, కొత్త కుదింపు

నన్నడిగితే ఎక్కువమందికి ఇదే దారి. కాకపోతే "మేం వేరేగా చేస్తున్నాం" అనడం తేలిక, ఏది వేరో ఒక్క వాక్యంలో చెప్పడమే కష్టం. ఆ వాక్యం దొరక్కపోతే పాత ప్రతిని కొత్త ముఖాలతో ఆడుతున్నట్టే లెక్క.

1909 కూర్పులో ఏడు అంకాలు. అంతా ఆడితే ఒక సాయంత్రంలో తెమలదు, కాబట్టి కోత తప్పదు. ఏది కోశారన్న దాన్ని బట్టే అది ఎవరి నాటకమో తేలుతుంది. మామూలుగా గిరీశం, వెంకటేశం సీన్లన్నీ ఉంచి, సారా దుకాణం, కోర్టు వ్యవహారం, సిద్ధాంతి, పోలిశెట్టి వగైరా కోసేస్తారు. హాస్యం మిగులుతుంది, ఊరు పోతుంది. మీ ఊరు ఇదివరకు చూసింది అలాంటి కోతే అయితే మీకు దారి తెరిచి ఉన్నట్టే. వాళ్ళు వదిలేసినవాటిలోంచి రెండు మూడు సీన్లు వెనక్కి తెండి, బదులుగా గిరీశం ఉపన్యాసాల్లో కొన్ని తగ్గించండి.

గిరీశం ఇంగ్లీషు గురించి ఒక మాట. ఆనాడు తెలుగులో ఇంగ్లీషు ముక్కలు కలిపి దంచేస్తుంటే అదే పెద్ద నవ్వులాట. ఇవాళ హాల్లో ఉన్న ప్రతివాడూ అలాగే మాట్లాడతాడు. ఆ మాటల్ని వత్తి పలికి నవ్వు పుట్టించాలని చూసే నటుడు మూడో డైలాగుకల్లా చప్పబడిపోతాడు. నవ్వు ఇప్పుడు వాడి ధైర్యంలో ఉంది, అప్పుచేసి తెచ్చుకున్న ఆ పెద్దమనిషి తరహాలో ఉంది. కొత్త గిరీశానికి డైరెక్టరు ముందు చెప్పాల్సింది ఇదే.

కొయ్యడంలో జాగ్రత్త పడవలసినది కంటె అనే మెడనగ చుట్టూ అల్లిన కథాదారం. ఆడపిల్ల వేషంలో ఉన్న శిష్యుణ్ణి ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టిన దొంగపెళ్ళికి రామప్పంతులు మధురవాణి దగ్గర తెచ్చిన కంటె పెళ్ళికూతురితో పాటే మాయమవుతుంది. అది తెస్తేగానీ గడప తొక్కనివ్వనని ఆమె రామప్పంతుల్ని పీడిస్తుంది. నిడివి తగ్గిద్దామని ఈ గొడవను తీసేస్తే రెండో సగంలో రామప్పంతులుకు పరుగే ఉండదు. ఆ పాత్ర ఎందుకు అంతలా వణుకుతుందో కొత్తవాళ్ళకు అంతుపట్టదు.

కొత్తదనానికి ఇంకో దారి నాటకంలోనే ఉంది. గురజాడ తొలి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1034 కన్యాశుల్క వివాహాల జాబితా ప్రస్తావన ఉంది. వాళ్ళలో 99 మంది పిల్లలకు అయిదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందలకు బేరమాడిన చిన్నపిల్ల సుబ్బిని మనం వేదిక మీద దాదాపు చూడనే చూడం. గొడవంతా ఆ పిల్ల గురించే. సుబ్బి, ఆమె వితంతువు అక్క బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి, పిల్ల పెళ్ళి ఆపలేక నూతిలో దూకిన తల్లి వెంకమ్మ, వీళ్ళ వైపునుంచి కుదించిన ప్రతి చేస్తే నిన్న చూసినవాడికి కూడా ఇది వేరే నాటకమే. ఒక హెచ్చరిక. హాస్యాన్ని చంపేస్తే గురజాడ మిగలడు. పోస్టరు మీద "సీరియస్" అని వేసుకుని నవ్వించడానికి సిగ్గుపడే ప్రొడక్షన్ ఇంకా దండగ.

## తొలి కూర్పు

నాటకం మొదట విజయనగరంలో 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు ఆడారు, 1897లో అచ్చయింది, ఆనందగజపతి మహారాజుకు అంకితం. అందులో అయిదే అంకాలు. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి దాదాపు కొత్త నాటకం చేశారు. ఆడిన నాటకాన్ని మళ్ళీ ఎత్తుకోవచ్చా అన్న మీ కమిటీ ప్రశ్నకు రచయితే అలా జవాబిచ్చారనుకోవచ్చు. తొలి కూర్పు చాలాకాలం దొరక్కపోతే పరిశోధకుడు బంగోరె 1969లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

దీనికున్న గొప్ప సౌకర్యం, ఊళ్ళో దీన్ని ఇదివరకు చూసినవాడు దాదాపు ఉండడు. పెద్ద ఇబ్బంది, మధురవాణి. మనం ఎరిగిన మధురవాణి 1909లో రూపుదిద్దుకున్నది. తొలి కూర్పులో ఆమె పాత్ర చిన్నది. మీ బలం మధురవాణి కట్టే నటి అయితే ఈ దారి వద్దు. తెలుగు శాఖ ఉన్న కాలేజీకి, విజయనగరం, విశాఖ వాళ్ళకు బాగుంటుంది. మిగతా చోట్ల "ఫలానా సీను ఏదండీ?" అని అడిగేవాళ్ళకు జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

## చదివి వినిపించడం

సెట్టు లేదు, వేషాలు లేవు. బల్ల వెనక కూర్చున్న పది పన్నెండుమంది, చేతుల్లో ప్రతులు. రెండు మూడు సాయంత్రాల్లో ఏడంకాలూ వినిపించవచ్చు. ఆడిన నాటకంతో దీనికి పోటీ ఉండదు. కోతకు పోయిన సీన్లన్నీ ఇక్కడ బతుకుతాయి. యాస బాగా వచ్చి, వయసు మీరి వేదిక ఎక్కలేని పెద్ద నటులకు ఇది చక్కటి చోటు. జనం తక్కువగా వస్తారు. వచ్చినవాళ్ళు చివరిదాకా ఉండాలంటే మైకులు మంచివి పెట్టండి.

## వేరే పాత నాటకం

కన్యాశుల్కం మీద మోజు కాదు, పాత నాటకం వెయ్యాలన్నదే కోరిక అయితే కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయం ఉంది. అక్కడ అమ్మకానికి పెట్టింది పెళ్ళికొడుకుని. లింగరాజు పిసినారితనం ఎంత నవ్వించినా కాళింది చావు దగ్గర హాలు నిశ్శబ్దమైపోతుంది. తరవాత కమల అత్తింటివాళ్ళకు ఎదురు తిరిగి, డబ్బిచ్చి కొన్న మొగుడు మా ఇంటికే రావాలనడం ఇవాళ్టి ఆడపిల్లల చేత చప్పట్లు కొట్టిస్తుంది. కట్నం ఇంకా ఉంది కాబట్టి కరపత్రంలో పెద్ద వివరణ అక్కర్లేదు. పాత్రలు కన్యాశుల్కం కన్నా తక్కువ. 1939లో ఇది సినిమాగా వచ్చింది, భానుమతి తొలి చిత్రం. పోస్టరుకు ఆ మాట పనికొస్తుంది.

కాళ్ళకూరిదే చింతామణి వెయ్యాలని ఎవరైనా అంటే ఒక నిమిషం ఆగమనండి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది, ఆ మీదట వ్యవహారం కోర్టుకెక్కింది. హాలు మాట్లాడుకునేముందు ఇప్పటి పరిస్థితి వకీలును అడిగి తెలుసుకోండి. ఇక ఆత్రేయ ఎన్.జి.ఓ. లాంటి తరవాతి కాలపు నాటకాలు ఎత్తుకుంటే హక్కుల సంగతి వేరు. ఆయన పోయింది 1989లో, అనుమతి తీసుకోవాల్సిందే.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఊళ్ళో పాతకాపు సమాజం మీదైతే, పోయినసారి వేసింది వేరే సమాజమైతే, కొత్త కుదింపుకే వెళ్ళండి. ఆలోచన నచ్చి, చెయ్యగల మధురవాణి లేకపోతే ఏడాది ఆగడంలో తప్పులేదు. అప్పటిదాకా పఠనం పెట్టుకుని గొంతులు వెతుక్కోండి.

కాలేజీ వాళ్ళకు ఏళ్ళ లెక్క అసలు లేదు. మూడేళ్ళకోసారి మీ ప్రేక్షకులే మారిపోతారు. పోయిన బ్యాచ్ వేసిందని మానుకోవడం అనవసరం. ఇరవై ఏళ్ళ కుర్రాడికి లుబ్ధావధాన్లు గడ్డం అతికించడం కన్నా వెంకటేశం, శిష్యుడు, గిరీశం ఉన్న సీన్లు ఏరుకుని గంటన్నరలో ముగించడం మేలు. ఆడపిల్ల వేషం కట్టే శిష్యుడి సీన్లు వాళ్ళ చేతిలో భలే పండుతాయి.

అమెరికాలోనో సింగపూరులోనో తెలుగు సంఘం వాళ్ళకు చిక్కు వేరు. పెద్దవాళ్ళు సినిమా చూసి ఉంటారు, 1955 నాటిది, ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. పోలిక నిన్నటి నాటకంతో కాదు, దానితో వస్తుంది. పిల్లలకు మాట అర్థం కాదు. వేదిక పైన తెర మీద ఇంగ్లీషు అనువాదం వేయాలనుకుంటే వెల్చేరు నారాయణరావు అనువాదం ఉంది గానీ దానికి హక్కులున్నాయి, ప్రచురణకర్తల అనుమతి కావాలి. వారాంతాల్లోనే రిహార్సల్ కాబట్టి పాత్రలు తక్కువున్న వరవిక్రయం మీకు సులువు. కన్యాశుల్కమే కావాలంటే రెండు మూడు సీన్లు చాలు.

నాటక పోటీలు జరిపే పరిషత్తులకు పట్టుకెళ్ళే ఆలోచన ఉంటే నియమావళిలో నిడివి ఎంత, పాత నాటకాలను ఏ విభాగంలో తీసుకుంటారు అన్నది ముందు చదివి, ఆ గంటలకు సరిపడా ప్రతి రాయించండి. మూడు గంటల నాటకం కట్టి తరవాత గంటకు కోస్తే కాళ్ళూ చేతులూ తెగినట్టే ఉంటుంది.

ఏ దారి పట్టినా, పోస్టరు అంటించేముందు పోయినసారి ఆడిన సమాజం పెద్దను ఒకసారి కలవండి. "మేమూ వేస్తున్నామండీ" అని మీ నోటితో ముందే చెబితే చాలావరకు ఆయన సంతోషిస్తాడు. మంచమో, పంచెల కట్టో, నాటకంలోని వకీలు సౌజన్యారావు పంతులు కోటో అద్దె లేకుండా ఇచ్చినా ఇస్తాడు. వాళ్ళ మీద సెటైర్లు మాత్రం కరపత్రంలో వేసుకోకండి. మీ టికెట్లు కొనేవాళ్ళలో సగం వాళ్ళ చుట్టాలే.